పొగ పెట్టేముందు ఒక్క మాట

తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు,
ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్, హైదరాబాద్.

నకళ్లు: నిర్మాతల మండలికి, దర్శకుల సంఘానికి, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌కు, సినీ కార్మికుల ఫెడరేషన్‌కు.



“ఇన్‌హేలర్ పెట్టుకుని తిరిగేవాళ్లని రేపట్నుంచి పంపించకు. ఫ్లోర్‌లో ఏమన్నా అయితే మన మెడకి చుట్టుకుంటుంది.” పోయిన చలికాలం ఒక పాట తీస్తుండగా, ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుతో అన్న మాట ఇది. ఆ సంస్థ పేరు గానీ ఆయన పేరు గానీ రాయను. రాస్తే ఒకరిద్దరిని మందలించి చేతులు దులుపుకోవడానికి వీలు దొరుకుతుంది. ఆ మాట ఒక్క మనిషిది కాదు. కాస్ట్యూమ్ విభాగంలో పనిచేసే నాకు ఫ్లోర్‌లోనైనా అవుట్‌డోర్‌లోనైనా అది ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంది. ఆయాసం ఉన్నవాళ్లకి సినిమాలెందుకని ఒకరంటారు. ఆ రోగమేదో తగ్గించుకుని రమ్మని ఇంకొకరంటారు. ఆ వైఖరిని నేను ఒప్పుకోలేను. మీరు కూడా ఒప్పుకోకూడదని అడగడానికే ఈ లేఖ.

ఆ రోజు జరిగింది చెబుతాను. పబ్బు సెట్టు. లైటు కిరణాలు గాల్లో గీతల్లా కనబడాలి కాబట్టి పొగ కావాలి. పొగ చెదరకూడదు కాబట్టి తలుపులు మూసేశారు, ఫ్యాన్లు ఆపేశారు. పొద్దుటి నుంచీ మిషన్ ఆడుతూనే ఉంది. మధ్యాహ్నానికి మూడో వరసలో డాన్స్ చేస్తున్న అమ్మాయి ఒకతి వెనక్కి వచ్చి నా ట్రంకు పెట్టె మీద కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకి వంగింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది. “అక్కా” అని ఆగింది, “నీళ్లు” అని మళ్లీ ఆగింది. సంచిలోంచి నీలం రంగు ఇన్‌హేలర్ తీసి, హ్యాంగర్లకి వేలాడుతున్న బట్టల వెనక్కి వెళ్లి, ఎవరూ చూడకుండా రెండుసార్లు పీల్చింది. దొంగతనం చేసినట్టు పీల్చింది. కాసేపటికి తేరుకుని “ఏజెంటన్నకి చెప్పకండి అక్కా” అని నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ వెళ్లి అదే పొగలో షాట్ పూర్తి చేసింది. నేను చెప్పలేదు. ఎవరో చూశారు. మర్నాటి నుంచి ఆ అమ్మాయికి పిలుపు లేదు.

పెద్దలారా, ఆ ఫ్లోర్‌లో మార్చవలసింది గాలినా, మనిషినా?

ఇది మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే, పొగ మిషన్ అద్దె కట్టేది నిర్మాత. ఆ నిర్మాతకి పెద్ద దిక్కు మీ ఛాంబర్. టైటిల్ నమోదు దగ్గర్నుంచి విడుదల తేదీల తగాదాల దాకా మీ గడప తొక్కని సినిమా ఉండదు. మీరు ఒక సర్క్యులర్ పంపితే కదలని ఆఫీసు జూబ్లీహిల్స్‌లో లేదు. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం వేతనాల పెంపు కోరుతూ సమ్మె చేసినప్పుడు షూటింగులు ఆగిపోయాయి, చర్చల మీద చర్చలు జరిగాయి. ఆ చర్చల్లో రూపాయల గురించి మనమంతా మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవలసిందే. మరి ఆ రూపాయలు సంపాదించేవాడు పీల్చే గాలి గురించి? మన ఒప్పందాల్లో పొగ, దుమ్ము గురించి ఒక్క వాక్యం ఉందా? ఉంటే అది ఫ్లోర్ గుమ్మం దాకా ఎందుకు రాలేదు?

తెర మీద పొగకి మాత్రం మనకి నిబంధన ఉంది. 2012 అక్టోబరు 2 నుంచి, పొగాకు కనిపించే సినిమా ఏదైనా, మొదట్లోనూ విరామం తరవాతా హెచ్చరిక వెయ్యాలి. హీరో సిగరెట్ ముట్టిస్తే తెర అడుగున అక్షరాలు పడాలి. 2023 నుంచి ఓటీటీలకీ ఆ నియమం వచ్చింది. ఆ నియమం మంచిదే, పాటిస్తున్నాం కూడా. ప్రేక్షకుడు చూసే పొగకి అంత జాగ్రత్త తీసుకున్నవాళ్లం, పూట పూటంతా ఆ పొగ మధ్యలో నిలబడే లైట్‌మ్యాన్‌కి, డాన్సర్‌కి, సెట్ బాయ్‌కి ఒక్క మాటైనా ముందుగా చెబుతున్నామా? తెర మీద నీడకున్నపాటి రక్షణ తెర వెనక మనిషికి అక్కర్లేదా?

“అది సిగరెట్ పొగ కాదు, నీటి ఆవిరే, ఏం కాదు” అని నాతో చాలామంది అన్నారు. అది ఒట్టి నీటి ఆవిరి కాదు. మామూలు ఫాగ్ మిషన్‌లో పోసే ద్రవం గ్లైకాల్ లేదా గ్లిజరిన్ నీళ్లలో కలిపింది. గాల్లో పలచగా చాలాసేపు నిలిచే హేజ్ కోసం కొన్ని మిషన్లలో మినరల్ ఆయిల్ వాడతారు. మబ్బుల మీద నారదుడు నడిచొచ్చే దృశ్యానికి వాడే డ్రై ఐస్ గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది నేలబారున పేరుకుని, మూసిన గదిలో ప్రాణవాయువుని పక్కకి నెట్టేస్తుంది. ఇక ఫైట్ సీను సంగతి మీకు తెలియంది కాదు. సుమోలు గాల్లోకి లేవాలి, హీరో అడుగు పడితే దుమ్ము లేవాలి. దానికి బస్తాలకొద్దీ ముల్తానీ మట్టి, మెత్తటి మన్ను, ఒక్కోచోట సిమెంటు, కాలుతున్న టైర్లు. హీరో షాట్ అయిపోగానే కారవాన్‌లోకి వెళ్తారు. ఫైటర్లు, డూపులు, బ్లోయర్ పట్టుకున్న కుర్రాడు అక్కడే ఉంటారు. ఆ సాయంత్రం బట్టలు విప్పి నాకిచ్చినప్పుడు కాలర్ల లోపల అర అంగుళం మందాన మట్టి ఉంటుంది. బట్టలో అంత ఉంటే ఛాతీలో ఎంత ఉంటుందో ఎవరు కొలిచారు?

కొలిచినవాళ్లు వేరేచోట ఉన్నారు. కెనడాలోని వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సినిమా, టీవీ, నాటకాలు, సంగీత కచేరీల్లో పొగ మధ్య పనిచేసే 101 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. పొగ మిషన్‌కి దగ్గరగా పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గి ఉంది. ఎక్కువకాలం ఆ పొగలో గడిపినవాళ్లలో పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం ఎక్కువగా కనిపించాయి. న్యూయార్క్ బ్రాడ్‌వేలో నటుల సంఘం ఒత్తిడి మీద 1990లలోనే పరిశీలనలు జరిగి, వేదిక మీద ఎంత పొగ దాకా పరవాలేదన్న హద్దులు వచ్చాయి. హాలీవుడ్‌లో కార్మిక సంఘాలు, నిర్మాణ సంస్థలు కలిసి కూర్చుని రాసుకున్న భద్రతా సూచనల్లో పదోది పూర్తిగా ఈ పొగ గురించే. పొగ వాడే రోజున కాల్‌షీట్‌లో ముందే తెలియజేయాలి, మధ్యమధ్యలో ఫ్లోర్ గాలి మార్చాలి, ఆ షాట్‌లో పనిలేనివాళ్లని బయటికి పంపాలి. అంతే. ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏముంది? మన గ్రాఫిక్స్ హాలీవుడ్‌కి దీటుగా ఉండాలని పట్టుబట్టే మనం, తలుపులు తెరిచే పద్ధతి దగ్గర మాత్రం వాళ్లని ఎందుకు అనుసరించం?

పెద్దలారా, ఉబ్బసం అంటే బలహీనత అనుకునే అలవాటు పోవాలంటే అదేమిటో కాస్త తెలియాలి. గాలిని ఊపిరితిత్తుల్లోకి మోసే సన్నటి గొట్టాల లోపలి పొర లోలోపల వాచి ఉంటుంది. బయటికి మనిషి మామూలుగానే ఉంటాడు, పరుగెత్తుతాడు, డాన్స్ చేస్తాడు. పొగో, దుమ్మో, చలిగాలో, ఘాటైన హెయిర్ స్ప్రేనో తగలగానే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగట ఊరుతుంది. లోపలికి వెళ్లిన గాలి బయటికి రాలేక పెనుగులాడుతుంటే వచ్చే శబ్దమే పిల్లికూత. ఇంకో సంగతి ఫ్లోర్‌లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఆయాసపడుతున్న మనిషికి కూత ఆగిపోయిందంటే తగ్గినట్టు కాదు. గాలి కదలడమే తగ్గిందని అర్థం కావచ్చు. పెదాలు నీలంగా మారి, మాట పెగలక, మగతగా ఉంటే అది ప్రాణం మీదికొచ్చిన స్థితి.

దీనికి మందు లేదా? ఉంది, బాగా పనిచేసే మందు ఉంది. ఆ అమ్మాయి సంచిలో ఉన్న నీలం ఇన్‌హేలర్‌లో మందు బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. కానీ లోపలి వాపుని అది ముట్టుకోదు. వాపుని తగ్గించేది రెండోరకం ఇన్‌హేలర్. అందులో స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టాలకే చేరుతుంది, బాగున్న రోజున కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి. నా పని భాషలో చెప్పాలంటే, మొదటిది చిరిగిన బట్టకి పిన్నీసు పెట్టి షాట్ గట్టెక్కించడం, రెండోది కూర్చుని కుట్టు వెయ్యడం. మనవాళ్లు ఏళ్ల తరబడి పిన్నీసుల మీదే బతుకుతున్నారు. ఆస్తమా చికిత్సకి ప్రపంచమంతా ప్రామాణికంగా చూసే ‘జీనా’ మార్గదర్శకాలు 2019లోనే స్పష్టంగా చెప్పాయి, పెద్దవాళ్లు ఉపశమనం ఇచ్చే మందు ఒక్కదాని మీదే ఆధారపడకూడదని. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మన దేశపు వాటా 13 శాతం. ఆస్తమా మరణాల్లో మన వాటా 40 శాతం పైమాటే. రోగులు అంతమందే ఉన్నప్పుడు చావులు అన్ని ఎందుకు? మందు కనిపెట్టలేదని కాదు. సరైన మందు సరైన చేతికి అందడం లేదు, అందినా నలుగురిలో తియ్యడానికి ఆ చెయ్యి వణుకుతోంది.

ఆ వణుకులో మన సినిమా పాత్ర లేదంటారా? మన సినిమాల్లో ఇన్‌హేలర్ ఎవరి చేతిలో కనిపిస్తుంది? పిరికివాడి చేతిలో, నవ్వుల పాలయ్యేవాడి చేతిలో, ఆస్తి కోసం విలన్ చంపబోయే ముసలాయన చేతిలో. విలన్ దాన్ని కాలితో దూరంగా తన్నేసి కుర్చీలో కూర్చుని చూస్తాడు. హీరో జేబులో ఎప్పుడైనా చూశామా? మరి మన పరిశ్రమలోనే అలాంటి మనిషి ఉన్నారు కదా. 2007 నుంచి తెలుగు తెర మీద ఉన్న కాజల్ అగర్వాల్, తనకి ఐదేళ్ల వయసులోనే బ్రాంకియల్ ఆస్తమా ఉన్నట్టు తేలిందని 2021లో ఇన్‌స్టాగ్రామ్‌లో స్వయంగా రాశారు. చలి, దుమ్ము, పొగ తన ఇబ్బందిని పెంచేవని, ఇన్‌హేలర్లు వాడాక ఎంతో తేడా కనిపించిందని, నలుగురిలో ఇన్‌హేలర్ తియ్యడానికి సిగ్గుపడొద్దని చెప్పారు. అంతకుముందు 2018లో ప్రియాంకా చోప్రా కూడా తనకి ఆస్తమా ఉందని బయటికి చెప్పారు. అగ్రతారకి ఉన్నా అడ్డురాని జబ్బు, మూడో వరస డాన్సర్‌కి ఉంటే మాత్రం పనికి అనర్హత ఎలా అయింది?

తేడా జబ్బులో లేదు, బతుకులో ఉంది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. వానాకాలం ఆ గోడలకి బూజు, పరుపుల్లో దుమ్ము, వంటగట్టు కింద బొద్దింకలు. ఉబ్బసానికి ఇవన్నీ మేతే. ఏడింటి కాల్షీటుకి చీకటితోనే లేచి చలిలో వెళ్లాలి. ఆయాసం ఎక్కువైతే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొనుక్కుని వేసుకుంటారు, లేదంటే సందు చివర ఒక ఇంజెక్షన్ పొడిపించుకుంటారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి అక్కడికి దగ్గరే. కానీ ఓపీ లైన్‌లో నిలబడ్డ రోజు కూలి పోతుంది, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. మృగశిర కార్తె వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం వరసలో నిలబడతారు. మా యూనిట్లలోంచీ వెళ్తారు. వాళ్ల నమ్మకాన్ని నేను వేలెత్తి చూపను. కొర్రమీను మింగొచ్చిన మర్నాడు ఇన్‌హేలర్ పారేసినవాళ్లని చూసి మాత్రం నా గుండె ఝల్లుమంటుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందట, చివరి దశలో వాడేదట, అది వాడితే పెళ్లి సంబంధాలు రావట. ఈ మాటలన్నీ అబద్ధాలని ఒక్కసారి గట్టిగా చెప్పగల గొంతు ఈ రాష్ట్రాల్లో ఎవరికన్నా ఉందంటే మీకే ఉంది. మీ హీరో ఒక్క మాట చెబితే ఊరూరా కటౌట్లు కట్టే కుర్రాళ్లు వింటారు.

అందుకని అడుగుతున్నాను. పొగ గానీ దుమ్ము గానీ వాడే రోజున ఏది వాడుతున్నారో, ఎంతసేపో ముందురోజు కాల్‌షీట్‌లో రాయించండి. ఆ ద్రవం డబ్బా మీద ఏముందో మేనేజరుకే కాదు, అడిగిన లైట్‌మ్యాన్‌కి కూడా చూపించాలి. షాట్‌కీ షాట్‌కీ మధ్య తలుపులు తెరిచి, ఫ్యాన్లు వేసి గాలి మార్చే సమయాన్ని షెడ్యూల్‌లోనే కలపండి. కెమెరా డిపార్ట్‌మెంట్‌కి లైటింగ్ మార్చుకోవడానికి గంట ఇస్తాం, ఊపిరికి పదిహేను నిమిషాలు ఇవ్వలేమా? సిమెంటు, టైర్లు పూర్తిగా మానేయించండి. దుమ్ము కొట్టే కుర్రాడికి జేబురుమాలు చాలదు, మంచి మాస్కు ఇవ్వాలి. సెట్‌లో చిన్నపిల్లలుంటే పొగ సంగతి మరింత ఆలోచించాలి. ఒంటి బరువుతో పోలిస్తే వాళ్లు పీల్చే గాలి మనకంటే ఎక్కువ.

ప్రతి యూనిట్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో నీలం ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం ఉండాలి, వాడటం తెలిసిన మనిషి ఒకరుండాలి. ఇప్పుడు మనవాళ్లు చేసేది మీకు తెలుసు. చుట్టూ మూగుతారు, పడుకోబెడతారు, ముఖాన నీళ్లు కొడతారు, సోడా తాగిస్తారు. చేయాల్సింది వేరు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. బిగువు బట్టలు వదులు చెయ్యాలి. స్పేసర్‌లోకి ఒక్కో పఫ్ వదిలి నాలుగేసి ఊపిర్లు పీల్పించాలి, అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూసి తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా అదే మళ్లీ చెయ్యాలి. ప్రొడక్షన్ బాయ్‌కి ఇది నేర్పడానికి ఒక పూట చాలు.

వీటన్నిటికంటే ముందు కావలసింది ఇంకోటి ఉంది. జబ్బు చెప్పుకున్నందుకు ఎవరి పనీ పోకూడదు. ఇది మీ సంతకంతో రావాలి. “మన మెడకి చుట్టుకుంటుంది” అన్న ఆ మేనేజరు భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇన్‌హేలర్ ఉన్నవాళ్లని ఏరేస్తే మిగిలేది ఆరోగ్యవంతులు కారు, దాచిపెట్టేవాళ్లు. మందు దగ్గరుంచుకున్న మనిషి వల్ల మీకు ప్రమాదమా, మందు ఇంట్లో వదిలేసి వచ్చిన మనిషి వల్లనా?

చట్టం కూడా మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆడియో విజువల్ కార్మికులకి చోటుంది. పనిచేసేచోట సరైన గాలి వెలుతురు ఉండాలని, దుమ్ము, హానికరమైన వాయువులు, పొగ లేకుండా చూడాలని ఆ కోడ్ చెబుతుంది. అది ఎవరో అధికారి వచ్చి అమలు చేసేదాకా ఆగాలా? సినిమా ఆడకపోతే నిర్మాత నష్టపోతాడని మీరు బాధపడతారు, న్యాయమే. తన ఛాతీ ఆడకపోతే లైట్‌మ్యాన్ నష్టపోయేది ఎవరి ఖాతాలో రాస్తారు?

ఏటా మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం. ఆ లోగా ఫెడరేషన్ వాళ్లని, దర్శకులని, ఛాయాగ్రాహకులని, ఒక ఛాతీ వైద్యుణ్ణి మీ హాల్లో కూర్చోబెట్టి, పైన రాసినవాటి మీద ఒక సర్క్యులర్ తయారు చేయించండి. తెలుగులో రాయించండి, ప్రతి ఫ్లోర్ గుమ్మం పక్కన అంటించండి. ఆ సమావేశానికి మీరు పిలిస్తే నేను వస్తాను. పొగ మిషన్ నడిపే కుర్రాణ్ణి, ఇద్దరు లైట్‌మెన్‌ని, ఒక ఫైటర్‌ని వెంట తీసుకొస్తాను. వాళ్ల ఆ రోజు కూలి పోకుండా మీరు చూడాలి. తేదీ తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
కాస్ట్యూమ్ విభాగంలో పనిచేసే ఒక సినీ కార్మికురాలు,
కృష్ణానగర్, హైదరాబాద్.